ఉత్తరదేశపు దేవగాథలు: వాని పఠనవిధానము

ఓడిన్ అను దేవునికి రెండు బొంతకాకులు కలవు. ఒకదాని పేరు హుగిన్, రెండవదాని పేరు మునిన్. ‘ఆలోచన’, ‘స్మృతి’ అని ఆ పేర్లకు అర్థము. ప్రతిదినము అవి లోకమంతటను సంచరించి, చూచినదానిని, విన్నదానిని మరల వచ్చి ఆయన చెవిలో చెప్పును. అవి ఒకనాడు తిరిగి రావేమోనని ఆ దేవునికి భయము. ఆలోచన రాదేమోనను భయముకంటె స్మృతి రాదేమోనను భయమే ఆయనకు మిక్కుటమని ‘గ్రీమ్నిస్మాల్’ అను ప్రాచీనగేయమువలన తెలియుచున్నది.

ఉత్తర ఐరోపాజాతుల మతచరిత్రకు ఈ చిన్నగాథ చక్కని సంకేతము. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశములలో ఒకప్పుడు ఓడిన్, థోర్, ఫ్రేయా మున్నగు దేవతలకు పూజలు జరిగెడివి. క్రైస్తవమతవ్యాప్తితో, ముఖ్యముగా 10, 11 శతాబ్దములలో, ఆ పూజలు నిలిచిపోయెను. ఉపదేశపరంపర తెగిపోయెను. పూజావిధానమును ఆ మతమునకు చెందినవారెవరును గ్రంథస్థము చేయలేదు. కొన్ని గేయములు, కథలు, ఊళ్లపేర్లు, శిలాలేఖములు, భూమిలో దొరకిన వస్తువులు మాత్రము మిగిలినవి. ఆలోచన తిరిగివచ్చినది, స్మృతి మాత్రము సగము దారిలోనే నిలిచిపోయినది.

నేడు ఐరోపా, అమెరికాఖండములలో కొందఱు ఆ శేషములను చదివి, ఆ దేవతలను తిరిగి ఆరాధించుచున్నారు. తెగిన తీగను గ్రంథముల సాయమున మరల ముడివేయదలచువాడు పాటింపవలసిన నియమమేది? ఈ ప్రశ్న వారికి మాత్రమేగాక, ప్రాచీనమైన ఏ ధర్మమును గుఱించి చదువువారికైనను ముఖ్యమైనదే.

మతము మాఱిన దినము

ఐస్‌లాండ్ దేశమున ఆ కాలమున రాజు లేడు. 930 ప్రాంతమున ఏర్పడిన ‘అల్థింగ్’ అను మహాసభ ప్రతి వేసవియందును ఆరుబయట సమావేశమై ధర్మనిర్ణయము చేసెడిది. ధర్మశాస్త్రమును కంఠస్థము చేసి సభలో వినిపించు అధికారి యొకడుండెను. 1000వ సంవత్సర ప్రాంతమున ఈ సభ రెండుగా చీలెను. నార్వేరాజైన ఓలాఫ్ ట్రిగ్వసన్ ప్రోత్సాహముతో ఒక పక్షము క్రైస్తవమును కోరెను. రెండవ పక్షము పూర్వమతమును విడువనొల్లదయ్యెను. ఇరుపక్షములును వేఱువేఱు శాసనములను ప్రకటించుకొను స్థితి వచ్చెను. అంతఃకలహము తప్పదని తోచినది.

అపుడు నిర్ణయభారము ధర్మాధికారియగు థోర్గేర్‌పై పడెను. ఆయన స్వయముగా పూర్వమతస్థుడు. ఆయన తన నివాసమునకు పోయి, దుప్పటి కప్పుకొని, ఒక పగలును ఒక రాత్రియు ఎవరితోను మాటలాడక పరుండెను. మఱునాడు లేచి సభకు వచ్చి, దేశమున రెండు శాసనములున్నచో శాంతియు రెండుగా చీలునని బోధించి, అందఱును క్రైస్తవదీక్ష పుచ్చుకొనవలెనని తీర్పు చెప్పెను. రహస్యముగా బలులర్పించుకొనుట వంటి కొన్ని పాత ఆచారములకు అనుమతి మిగిల్చిరి గాని, కొలదికాలములోనే అదియు తొలగింపబడెను.

తన దేవతలను విడువుడని పలికినవాడు ఆ దేవతల భక్తుడే యగుట ఈ కథలోని విశేషము. దుప్పటి క్రింద ఆయన ఏమి తలచెనో ఎవరును వ్రాయలేదు. ఈ వృత్తాంతమును మనకందించిన ఆరి థోర్గిల్సన్ సుమారు నూటముప్పది సంవత్సరముల తరువాతివాడు, క్రైస్తవ పురోహితుడు. ఉత్తరదేశపు పురాణములను చదువువాడు మొదటినుండియు గుర్తుంచుకొనవలసిన విషయమిది: ఆ దేవతలను గుఱించి వివరముగా వ్రాసినవారు దాదాపు అందఱును వారిని పూజింపనివారే.

గ్రంథములు ఎట్టివి?

ఆ గాథలకు ముఖ్యాధారములు రెండు. మొదటిది స్నోర్రి స్టుర్లుసన్ రచించిన గద్య ‘ఎడ్డా’. స్నోర్రి 1179లో జన్మించెను, రెండుమారులు ధర్మాధికారిగానుండెను, 1241లో తన యింటిలోనే శత్రువులచే చంపబడెను. ఆయన 1220 ప్రాంతమున ఈ గ్రంథమును కూర్చెను. ఇది భక్తిగ్రంథము కాదు; కవులకై వ్రాసిన లక్షణగ్రంథము. పూర్వకవులు బంగారమును ‘సిఫ్ దేవి కేశములు’ అనియు, ఆకాశమును ‘యీమిర్ కపాలము’ అనియు చెప్పెడివారు. దేవగాథలు తెలియనిచో ఇట్టి ప్రయోగములు దురవగాహములు. యువకవులకు ఆ విద్య నశింపకుండుటకై స్నోర్రి గాథలను వివరించెను. ప్రస్తావనలో మాత్రము, ఈ దేవతలు నిజమునకు ట్రాయ్ నగరమునుండి వచ్చిన మనుష్యులే యనియు, అజ్ఞానులు వారిని దేవతలని భ్రమించిరనియు వ్రాసెను. తన మతమునకు భంగము రాకుండ పూర్వుల కవిత్వమును కాపాడుటకు ఆయన తొక్కిన మార్గమిది.

రెండవది ‘కోడెక్స్ రేగియస్’ అను వ్రాతప్రతి. దూడచర్మముపై 1270 ప్రాంతమున వ్రాయబడిన యీ చిన్నపుస్తకమున ‘వోలుస్పా’, ‘హావమాల్’ మున్నగు గేయములు కలవు. నేడు దానిలో 45 పత్రములు మిగిలినవి; మధ్యలోని 8 పత్రములు పోయినవి. అది 1643లో బ్రిన్యోల్ఫర్ అను మతగురువు చేతికి వచ్చెను. ఆయన దానిని 1662లో డెన్మార్క్ రాజునకు పంపెను. మూడువందల యేండ్లకు పైగా పరదేశమునుండి, 1971 ఏప్రిల్ 21వ తేదీన ఒక యుద్ధనౌకపై స్వదేశమునకు తిరిగివచ్చినపుడు రెయిక్యవిక్ రేవున ప్రజలు గుంపులుగా చేరి దానికి స్వాగతమిచ్చిరి. ఆ ప్రతి యొక్కటి నశించియున్నచో ఈ గేయములలో అనేకములు నేడు లోకమునకు తెలిసియుండెడివి కావు.

ఇక పూజాస్థలముల వర్ణనకు ప్రసిద్ధమైనది, స్వీడన్‌లోని ఉప్సాలా దేవాలయమును గుఱించి బ్రెమెన్ నగరవాసియైన ఆడమ్ 1070ల ప్రాంతమున వ్రాసినది. తొమ్మిదేండ్లకొకమారు అక్కడ జరుగు మహోత్సవమును ఆయన వర్ణించెను. కాని ఆయన ఆ స్థలమును కన్నులార చూచినవాడు కాడు, విన్నది వ్రాసెను. అన్యమతమును ఖండించుట ఆయన యుద్దేశములలో నొకటి.

కావున ప్రతి వాక్యము నెదుటను పాఠకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని వ్రాసినవారెవరు? ఎంతకాలము తరువాత వ్రాసిరి? ఏ ప్రయోజనమునకై వ్రాసిరి? ఇవి అశ్రద్ధకు గుర్తులు కావు. పాత్ర ఎట్టిదో ఎఱిగి జలమును త్రాగువాడు జలమును తిరస్కరించుట లేదు.

గాథల హృదయము

వీరి విశ్వమునకు నడుమ ‘యిగ్‌డ్రసిల్’ అను మహావృక్షము కలదు. దాని కొమ్మలు లోకములన్నిటిపై వ్యాపించినవి. దాని వేరును నీద్‌హోగ్ అను సర్పము కొఱుకుచుండును. లేళ్లు చిగుళ్లను మేయుచుండును. ఒక ప్రక్క క్రుళ్లుచుండును. ఉర్ద్ మున్నగు ముగ్గురు దేవతలు సమీపమందలి బావినుండి నీరు తెచ్చి ప్రతిదినము దానికి పోయుదురు. లోకము తనంతట నిలుచునది కాదు. ప్రతిదినము రక్షింపబడుచున్నందుననే నిలిచియున్నది. ఇది ఆ చిత్రమునుండి గ్రహింపదగిన భావము.

ఆ చెట్టునకే ఓడిన్ తన్నుతాను తనకే బలిగా సమర్పించుకొని, ఈటెపోటుతో, అన్నపానములు లేక తొమ్మిది రాత్రులు వ్రేలాడి, రూనిక్ అక్షరముల రహస్యమును పొందెనని ‘హావమాల్’ చెప్పుచున్నది. జ్ఞానము ఊరక లభింపదు. మీమిర్ బావినీటి గుక్కెడుకై ఆయన తన కన్నొకటి నిచ్చివేసెను.

ఫెన్రిర్ అను తోడేలు కథ యింకను గంభీరమైనది. ఆ తోడేలువలన తమకు కీడు కలుగునని దేవతలు ఎఱిగియుండిరి. దానికి దగ్గఱకు పోయి ఆహారమిడు ధైర్యము ట్యూర్ అను దేవునికి మాత్రమే కలదు. దేవతలు దానిని రెండుమారులు ఇనుపగొలుసులతో బంధించిరి, అది త్రెంచుకొనెను. మూడవమారు మరుగుజ్జులచేత ఒక పట్టుత్రాడు చేయించిరి. పిల్లి అడుగుల చప్పుడు, స్త్రీ గడ్డము, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరములు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి అను ఆఱింటితో అది తయారైనదట. ఈ సన్ననిత్రాడులో మోసమున్నదని తోడేలు శంకించెను. మోసము లేదనుటకు హామీగా ఎవరైన ఒకరు తన నోట చేయి నుంచవలెనని కోరెను. దేవతలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ట్యూర్ తన కుడిచేతిని తోడేలు నోట నుంచెను. త్రాడు బిగిసినది. దేవతలందఱును నవ్విరి, ట్యూర్ ఒక్కడు నవ్వలేదు. అతని చేయి పోయెను.

ఆ మోసము కొంతకాలము లోకమును కాపాడినమాట నిజమే. కాని ఇచ్చిన మాట అసత్యమైనపుడు దాని మూల్యమును ఎవరో ఒకరు చెల్లింపక తప్పదని ఈ గాథ దాచక చెప్పుచున్నది. హామీగా నిలిచినవాడే ఆ మూల్యమును చెల్లించెను.

తుదకు ‘రాగ్నరోక్’ అను మహాయుద్ధము వచ్చును. ఫెన్రిర్ బంధములను త్రెంచుకొని ఓడిన్‌ను మ్రింగును. థోర్ మహాసర్పమును చంపి, తొమ్మిదడుగులు నడచి, దాని విషముచే కూలిపోవును. భూమి సముద్రమున మునిగి, మరల పచ్చగా పైకి వచ్చును. పూర్వము చంపబడిన బాల్డర్, అంధుడై తెలియక అతనిని చంపిన హోదర్, ఇరువురును తిరిగివచ్చి కలిసి నివసింతురు. దేవతలకు ఈ యంతము ముందుగనే తెలియును. తెలిసియు ఎవరును కర్తవ్యమును విడువరు. విజయము నిశ్చయము గాకున్నను నిలువవలసిన చోట నిలుచుట వారి ధర్మము. పునర్జన్మమెత్తిన భూమి వర్ణనయందు క్రైస్తవభావముల ఛాయ కలదని కొందఱు పండితులు, లేదని మఱికొందఱు చర్చించుచునే యున్నారు. పై మూడు ప్రశ్నలు ఇక్కడను విడువరానివి.

పోలికలు, వాని హద్దులు

ఈ గాథలు చదువు భారతీయునకు పరిచితమైన ముఖములు అడుగడుగున కనిపించును. పిడుగును ఆయుధముగా ధరించి సర్పముతో పోరు థోర్‌ను చూడగా వృత్రుని చంపిన ఇంద్రుడు స్ఫురించును. మహావృక్షము భగవద్గీతలోని అశ్వత్థమును తలపించును. శబ్దశాస్త్రము మఱికొంత నిశ్చయముగా పలుకుచున్నది. ‘ట్యూర్’ అను నామమును, సంస్కృతమందలి ‘దేవ’ శబ్దమును ఒకే మూలమునుండి పుట్టినవి. ‘ఉర్ద్’ అను విధిదేవత పేరునకును, ‘వర్తతే’ అను క్రియయందలి ధాతువునకును బంధుత్వము కలదు. ఆంగ్లభాషలో మంగళ, బుధ, గురువారముల పేర్లు క్రమముగా ట్యూర్, ఓడిన్, థోర్‌ల పేర్లనుండియే వచ్చినవి. రోమనులు ఆ దినములకు పెట్టిన గ్రహదేవతల పేర్లకు బదులుగా ఆ జాతులవారు తమ దేవతల పేర్లను నిలిపిరి.

ఐనను బంధుత్వము వేఱు, ఏకత్వము వేఱు. గీతయందలి అశ్వత్థము వైరాగ్యశస్త్రముతో ఛేదింపదగినది. యిగ్‌డ్రసిల్ నీరుపోసి కాపాడదగినది. ఇంద్రుడు వృత్రుని చంపి స్వర్గమున నిలుచును. థోర్ సర్పముతోపాటు మరణించును. ‘ఇదంతయు మనదే’ అని తొందరపడి పలుకుట పరుల యిల్లు చూడబోయి తన యింటిని వర్ణించి వచ్చుటవంటిది. పోలిక చదువునకు ద్వారము కావలెను గాని గోడ కారాదు.

నేటి ఉపాసకులు

1972లో, ఐస్‌లాండ్ పంచాంగమునుబట్టి వేసవి మొదటిదినమున, రెయిక్యవిక్‌లో కొలదిమంది చేరి ‘ఆసత్రు’ సంఘమును స్థాపించిరి. ‘ఆస్’ అనగా దేవత. ‘త్రు’ అనగా విశ్వాసము, నమ్మకము. ఈ సమస్తపదము ప్రాచీనము కాదు, 19వ శతాబ్దమున కూర్చబడినది. సంఘమునకు మొదటి నాయకుడు స్వేన్‌బ్యోర్న్ బేంటేన్సన్. ఆయన కృషీవలుడు, కవి. ప్రాచీనచ్ఛందములను సంప్రదాయపద్ధతిని గానము చేయుటలో ప్రసిద్ధుడు. 1973లో ప్రభుత్వము సంఘమును గుర్తించెను. ఆయన 1993లో మరణించెను. 2003నుండి సంగీతకర్తయగు హిల్మర్ ఓర్న్ హిల్మర్సన్ నాయకత్వము వహించెను. 2015లో రెయిక్యవిక్‌లోని ఒక కొండప్రక్క దేవాలయనిర్మాణము ఆరంభమయ్యెను. కొలదిమందితో మొదలైన ఆ సంఘపు సభ్యసంఖ్య నేడు 5,000 దాటినది. డెన్మార్క్, నార్వే దేశములందును ఇట్టి సంఘములు 1990లలో ఏర్పడి ప్రభుత్వముల గుర్తింపును పొందినవి. అమెరికాలో మరణించిన సైనికుల సమాధిశిలలపై చెక్కదగిన మతచిహ్నముల పట్టికలో 2013లో థోర్ సమ్మెట చేర్చబడెను.

వీరి ముఖ్యక్రియ ‘బ్లోత్’. పూర్వము ఇది పశుబలి. ఐస్‌లాండ్ సంఘము పశుబలిని అంగీకరింపదు. గేయపఠనము, పానీయనివేదనము, సహపంక్తిభోజనము జరుపుదురు. మఱియొకటి ‘సుంబెల్’. అందఱును వరుసగా కూర్చుండి, తేనెమద్యము నింపిన కొమ్ముపాత్రను చేతులు మార్చుకొనుచు, మొదట దేవతలను, పిదప పూర్వులను స్మరించి, తరువాత తమ ప్రతిజ్ఞను పలుకుదురు. ఆ సభలో పలికిన మాట తప్పరాదని నియమము. కావున వివేకవంతులు అక్కడ అల్పముగా ప్రతిజ్ఞ చేయుదురు.

ఒంటికన్ను దేవుడు ఎనిమిదికాళ్ల గుఱ్ఱముపై తిరుగుచున్నాడని అక్షరశః నమ్మవలెనా యన్నచో, హిల్మర్సన్ ఆ కథలను ప్రకృతిశక్తులకు, మానవుని మనోవృత్తులకు కావ్యరూపములని వివరించెను. దేవతలు నిజముగా ఉన్నారని విశ్వసించి ప్రార్థించువారును అనేకులు కలరు.

వీరి ఆచరణలో మెచ్చదగిన గుణమొకటి కలదు. శ్రద్ధగల ఉపాసకులు మూలగ్రంథములను, త్రవ్వకముల ఫలితములను పరిశ్రమించి చదువుదురు. ధ్యానమునందో, స్వప్నమునందో తమకు తోచినదానిని, ‘ఇది నా స్వానుభవము, ప్రాచీన ప్రమాణము లేదు’ అని వేఱుగా పేర్కొందురు. అనుభవమును తిరస్కరింపరు, దానికి లేని ప్రాచీనతను కట్టిపెట్టరు. ఉదాహరణకు ‘తొమ్మిది ఉత్తమగుణములు’ అని ధైర్యము, సత్యము, ఆతిథ్యము మున్నగువాని పట్టిక యొకటి ప్రచారములో నున్నది. అది 1970లలో ఇంగ్లండున కూర్చబడినది. ఏ ప్రాచీనగ్రంథమునను అది పట్టికగా లేదు. దానిని పాటించుట తప్పు కాదు. వేయి సంవత్సరముల నాటిదని చెప్పుట తప్పు.

ఆ నియమము తప్పినచోట

ఈ చిన్నభేదమును పాటింపకున్న ఏమగునో చరిత్ర చూపినది. ఆస్ట్రియా దేశీయుడగు గీడో ఫాన్ లిస్ట్ 1902లో కంటి శస్త్రచికిత్స తరువాత కొన్నినెలలు అంధుడై యుండెను. ఆ కాలమున తనకు 18 రూనిక్ అక్షరముల రహస్యము సాక్షాత్కరించెనని చెప్పి, 1908లో గ్రంథము ప్రకటించెను. నిజమునకు ప్రాచీన అక్షరమాలలలో ఒకదానికి 24, తరువాతి మఱియొకదానికి 16 అక్షరములు కలవు. ఆయన చెప్పిన 18 అక్షరముల మాల ఎక్కడను లేదు. తన కల్పనను ఆయన ఆర్యజాతి ప్రాచీనవిద్యగా బోధించెను. ప్రాచీనులు ‘సూర్యుడు’ అని పిలిచిన అక్షరము ఆయన చేతిలో ‘విజయము’ అయ్యెను. తరువాత నాజీల ఎస్.ఎస్. దళము తన దుస్తులపై ధరించిన జంటచిహ్నము ఆ యక్షరమే. ఒకని ఆంతరిక కల్పన పూర్వుల వాక్కుగా చెలామణియై, తుదకు లక్షలాది నిరపరాధుల హంతకులకు గుర్తుగా మాఱినది.

నేటికిని ఈ దేవతలు ఒక వర్ణమువారికి, ఒక రక్తమువారికి మాత్రమే చెందినవారని బోధించు వర్గములు లేకపోలేదు. గాథలే వారికి ప్రతివాదులు. ఓడిన్ తల్లి బెస్త్లా దేవజాతికి చెందినది కాదు, రాక్షసకన్య. థోర్ తల్లి భూదేవి, ఆమెయు రాక్షసవంశజయే. భూమిలో దొరకిన వస్తువులును అదే పలుకుచున్నవి. స్వీడన్‌లోని హెల్గో ద్వీపమున 1950లలో జరిగిన త్రవ్వకములలో, భారతఖండపు వాయవ్యప్రాంతమున సుమారు 6వ శతాబ్దమున పోతపోసిన చిన్న కంచు బుద్ధవిగ్రహము బయల్పడినది. ఏ వర్తకుల చేతులు మాఱి అది అంతదూరము చేరెనోగాని, ఆ జనులు లోకమునకు తలుపులు మూసికొని బ్రతికినవారు కారని అది సాక్ష్యమిచ్చుచున్నది.

2016లో అనేక దేశముల ఉపాసకసంఘములు ఒక ప్రకటన చేసి, జాతిభేదమును బోధించు ఒక అమెరికా సంఘముతో తమకు సంబంధము లేదని చాటినవి. దానికి ‘127వ ప్రకటన’ అని పేరు. కీడును చూచినపుడు దానిని కీడేయని పలుకవలెనను భావము ‘హావమాల్’ 127వ శ్లోకమున కలదు. ఐస్‌లాండ్ సంఘమును తమ మతమును జాత్యాధిక్యమునకు సాధనముగా వాడుటను బహిరంగముగా నిరాకరించెను. తెగిన సంప్రదాయము నిజముగా బ్రతికినదనుటకు సాక్ష్యము ఇట్టి చోటనే దొరకును. వేషము, అక్షరములు, కొమ్ముపాత్ర ఎవరైనను సంపాదింపగలరు. ప్రాచీనవాక్యము వర్తమానమున ఒకని నోట సత్యమును పలికించినపుడు అది జీవించుచున్నది.

ట్యూర్ చేయి

ప్రాచీనమతమును గుఱించి ‘పూర్వులిట్లు చెప్పిరి’ అని పలుకు ప్రతివాడును వినువారికి ఒక హామీ నిచ్చుచున్నాడు. తోడేలు నోట చేయి నుంచినట్లే, తన మాటకు తానే పూచీ యగుచున్నాడు. ఆ మాట కల్పితమైనచో కొంతకాలము నవ్వులు వినబడవచ్చును. మూల్యము మాత్రము తప్పదు. దానిని ఒక్కొక్కపుడు పలికినవాడు గాక, నమ్మినవాడు చెల్లించును.

దేశమేదైనను, ధర్మమేదైనను, పఠనమునకు ఈ మూడు మెట్లు చాలును. లభించినదానిని లభించినదిగా గౌరవించుట. పోయినదానిని పోయినదిగా అంగీకరించుట. తాను క్రొత్తగా చేర్చినదానిని క్రొత్తదిగానే చెప్పుట. మొదటిది శ్రద్ధ, రెండవది వినయము, మూడవది సత్యము. తిరిగిరాని స్మృతికై ఆకాశమువంక చూచు దేవునివలె, తన జ్ఞానపు లోటును ఎఱిగి వేచియుండువాడే ఆ గాథలకు తగిన పాఠకుడు.